కళ్ళకద్దుకున్న మొదటి కాపీ

ఈ సంగతంతా మొదలైన రోజున నా చేతిలో ఉన్న సరుకు ఇది: విజయవాడ గాంధీనగరంలో ఒక దుకాణం, దాని వెనక గోడౌను, మా నాన్న వదిలిపోయిన పంచాంగాల వ్యాపారం, నెలకు నాలుగు వేల రెండు వందల మంది కొనే ఒక బొమ్మల పత్రిక. ఇవి కాక ఒక ఆర్టిస్టు, ఆయన భార్య, మా అమ్మాయి. మనుషుల్ని సరుకులో కలిపి చెప్పడం మర్యాద కాదని ఇప్పుడు తెలుసు. అప్పుడు అలాగే లెక్కపెట్టుకున్నాను.

నా పేరు చలువాది పురుషోత్తం గుప్త. ముప్పై ఏళ్ళుగా అచ్చుకాగితం అమ్ముతున్నాను. నా పత్రికను నేనెప్పుడూ చదవలేదు. పేజీలు వరసలో ఉన్నాయా, ధర సరిగ్గా పడిందా, పిన్ను మధ్యలో పడిందా, ఇంతవరకే చూస్తాను. మిఠాయి కొట్టు పెట్టినవాడు మిఠాయి తినకూడదని మా నాన్న అనేవాడు.

పత్రిక పేరు ‘గరిమ’. అందులో నాయిక పేరూ అదే. పగలు హైవే మీద లారీ కాటా దగ్గర గుమాస్తా. ఆపద వచ్చినప్పుడు తన బరువును కొండంత పెంచుకోగలదు. బ్రేకులు పోయిన లారీకి ఎదురు నిలబడుతుంది, గండిపడిన గట్టు మీద కూర్చుంటుంది. ఈ పిల్లను పుట్టించినవాడు ఏకాంబరం. అంతకుముందు సైన్‌బోర్డులు రాసేవాడు. గరిమ ముఖం ఆయన భార్య రాజ్యం వయసులో ఉన్నప్పటి ముఖమని మా ప్రెస్సులో అందరికీ తెలుసు. రాజ్యం కూడా మా దగ్గరే పనిచేసేది. పాఠకుల ఉత్తరాలు విప్పడం, గరిమ రాసినట్టుగా వాటికి జవాబులు రాయడం ఆవిడ పని.

బియ్యం వ్యాపారంలో లేని చిక్కు ఒకటి బొమ్మల పత్రికలో ఉంది. ఈ నెల బియ్యం కొనేవాడు పోయిన నెల బియ్యం తిని ఉండక్కర్లేదు. గరిమ రెండు వందల ఇరవయ్యో సంచిక చేతికెత్తిన కొత్తవాడికి మాత్రం ఎవరు ఎవరో తెలియదు. తెలియజెప్పడానికి ‘ఇంతవరకు జరిగిన కథ’ అని నాలుగు వరసలు వేశాం. అది పెరిగి రెండు పేజీలయింది. అప్పుడు పాతవాడు, మాకు తెలిసిందే మాకు అమ్ముతున్నారని అలిగాడు. కొత్తవాడికి మెట్టు కట్టబోతే పాతవాడి కాలికి తగిలేది.

అందరూ వేసే ఎత్తులన్నీ వేశాను. కాపీతోపాటు గరిమ ముసుగు ఉచితం అన్నాను. ఆ నెల రెండు వేలు ఎక్కువ పోయాయి, మరుసటి నెల రెండు వేలూ తిరిగొచ్చాయి. గరిమను చంపించాను. ఏడుస్తూ కొన్నారు. మూడు నెలలకు బతికించాను. నవ్వుతూ కొన్నారు. ఇంకోసారి చంపమంటే రాజ్యం అడ్డుపడింది.

“రెండోసారి చస్తే ఏడవరండీ. టైము చూసుకుంటారు, ఎప్పుడు లేస్తదా అని.”

చివరికి ఒకటో నంబరు నుంచి మళ్ళీ మొదలుపెడదామని నిర్ణయించాను. కొత్తవాడికి ఒకటో నంబరు అంటే తలుపు బార్లా తెరిచినట్టు. ఏకాంబరాన్ని పిలిచి, అమ్మాయిని కాస్త సన్నగా, తెల్లగా, సిటీ పిల్లలా మార్చమన్నాను.

ఆయన బ్రష్షు చెవి మీద పెట్టుకుని నా వంక చూశాడు. “గుప్తగారూ, ఆవిడ శక్తే బరువు గదండీ. బక్కచిక్కితే ఇంక లారీ ఏం ఆపుద్ది?”

“సన్నగా ఉంటూనే బరువుగా ఉంటది. పాఠకుడు కాటా పెట్టి తూచడుగా.”

పక్కన ఉత్తరాలు విప్పుతున్న రాజ్యం తలెత్తలేదు. “గీసేయండి. నన్ను సన్నగా చూసే యోగం మీకు ఇంకెక్కడా లేదు.”

కొత్త రూపంతో ఒకటో నంబరు వచ్చింది. పాత సంచికల నెగెటివ్‌లు ఇంక పనికిరావని, వాటిలోంచి వెండి తీసేవాళ్ళకు తూకానికి అమ్మేశాను. పాత ఒరిజినల్ బొమ్మలు అంతకుముందే సింగ్‌నగర్‌లో ఏకాంబరం ఇంట్లోకి వరద వచ్చినప్పుడు పోయాయి. అప్పుడు నాకు అది నష్టం అనిపించలేదు. ఒకటో నంబరు ఏడు వేలు పోయింది, ఆరో నంబరుకు మళ్ళీ నాలుగు వేలకు వచ్చింది. అప్పుడు మా అమ్మాయి సిరా నా ముందుకొచ్చింది.

మా అమ్మాయి ప్రసూన కెమిస్ట్రీ చదివింది. ఆటోనగర్‌లో ఒక షెడ్డులో ప్రెస్సులకు సిరాలు కలిపి అమ్మేది. ఒక శనివారం ఆ షెడ్డుకు వెళ్ళాను. నా చేతికి ఒక కాగితం ఇచ్చింది. సిరా డబ్బాల కొటేషను. తడి సున్నం వాసన, అడుగున ఏదో తీపి. చదివాను.

“రవాణా ఖర్చెవరిది?” అన్నాను.

“కింద చూడు నాన్నా.”

కింద నా సంతకం ఉంది. గురువారం తేదీ. దాని కింద ఇంకో సంతకం, శుక్రవారం తేదీ. రెండూ నావే. రెండింటి పక్కనా నా చేతిరాతతో ఒకటే మాట: ‘రవాణా ఖర్చెవరిది?’

“మూడు రోజులుగా రోజూ వచ్చి ఇదే చదువుతున్నావు. రోజూ ఇదే అడుగుతున్నావు. నిద్రపోయి లేచేసరికి పోతోంది.”

నేను కుర్చీలో కూర్చున్నాను. వచ్చినట్టు గుర్తుంది. ఆటో ఎక్కింది, టీ తాగింది గుర్తుంది. కాగితంలో ఏముందో గుర్తులేదు.

“ఎలా?”

“ఒక జ్ఞాపకం బయటికి తీస్తే మూట విప్పినట్టు. నిద్రలో మనసు దాన్ని మళ్ళీ కట్టి లోపల పెడుతుంది. ఈ వాసన ఆ ముడి పడనివ్వదు. విప్పిన మూట విప్పినట్టే ఒలికిపోతుంది.”

ప్రసూన ఆ సిరాను పత్రికల కోసం చెయ్యలేదు. రైలు ప్రమాదంలో బతికి బయటపడి, ఆ సంగతి మరిచిపోలేక నిద్రపట్టని వాళ్ళ కోసం చేసింది. పరీక్షలకు అనుమతి కావాలి, ఆసుపత్రి కావాలి, అయిదారేళ్ళు కావాలి. దాని దగ్గర షెడ్డు అద్దెకే గతిలేదు. నాకు మాత్రం ఆ కాగితం మీద ఇంకొకటి కనబడింది. నాకు కావలసింది కొత్త పాఠకుడు. పాత పాఠకుణ్ణే నెలనెలా కొత్తవాణ్ణి చెయ్యగలిగితే ఇంక వెతుక్కోవడం ఎందుకు?

“పత్రిక పేరు మరిచిపోతారా?”

“పేరు మరిచిపోరు. బాగుంటుందన్నది కూడా మరిచిపోరు. రుచి ఉంటుంది, ఏం తిన్నారో ఉండదు.” సిరా డబ్బాకు మూత పెట్టి అంది, “కానీ నాన్నా, చదివేటప్పుడు ఇంకేదన్నా గుర్తొస్తే ఆ మూట కూడా విప్పినట్టే. అదీ పోవచ్చు.”

“బొమ్మల పుస్తకం చదివేటప్పుడు ఎవరికి ఏం గుర్తొస్తుందే?”

ఈ మాట అన్నది ఒక్క సంచిక కూడా చదవని మనిషి. అది తలూపలేదు. ఏడాదిపాటు కొద్దిమంది మీద చూడాలంది. లాభంలో సగం నీ ఆసుపత్రి పరీక్షలకు రాసిస్తానన్నాను. చాలాసేపు సిరా కలిపే కర్ర తుడుస్తూ కూర్చుంది. తర్వాత ఒక లెక్క వేసింది: ఆరిన కాపీ, మూరెడు దూరంలో పట్టుకుని, అరగంట చదివితే ఎంత వాసన లోపలికి పోతుందో, అంతకు సరిపడా మాత్రమే కలుపుతానంది.

మొదటి నెలే తేడా తెలిసింది. ఏడో నంబరు కొన్నవాళ్ళు ఎనిమిదో నంబరు కోసం కొట్ల ముందు నిలబడ్డారు. తొమ్మిదిలో కథ ఏడులో కథే, అట్ట మార్చాను, ఎవరూ అడగలేదు. ఇళ్ళలో రెండు కాపీలు పక్కపక్కన పెట్టి చూస్తే దొరికిపోతాను కాబట్టి ఇంకో పథకం పెట్టాను. పాత బట్టలకు స్టీలు గిన్నెలు ఇచ్చినట్టు, పాత గరిమ ఏ సంచిక తెచ్చినా కొత్త గరిమ సగం ధరకు. ఊళ్ళలో ఇరవై ఏళ్ళుగా అటకల మీద ఉన్న సంచికలన్నీ గోనెసంచుల్లో నా గోడౌనుకు వచ్చాయి. అన్నిటినీ కాగితం మిల్లుకు పంపాను. ఏడాది తిరిగేసరికి పదహారు వేల కాపీలు. ఎవరి ప్రాణానికీ ముప్పు లేని వ్యాపారం అనుకున్నాను.

మా ప్రెస్సులో ఒక ఆనవాయితీ ఉంది. మిషను మీద నుంచి దిగిన మొదటి కాపీని ఇంకా తడిగా ఉండగానే ఆర్టిస్టు చేతిలో పెడతారు. ఆయన దాన్ని రెండు కళ్ళకూ అద్దుకుని, అక్కడే స్టూలు మీద కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చదువుతాడు. ఆ తర్వాతే మిషను స్పీడు పెంచుతారు. చదువంటే సరస్వతి కదా, కాగితం కాలికి తగిలినా కళ్ళకద్దుకునే మనుషులం. ఏకాంబరం ఊరికే తాకించి తీసేసే రకం కాదు. అరచేతులతో కళ్ళమీద ఒత్తిపెట్టుకుని, గట్టిగా ఊపిరి పీల్చి, సిరా వాసన కడుపులోకి పోయాక గానీ వదలడు. సిరా మరకలు కనుబొమల మీద అలాగే ఉంటే రాజ్యం కొంగుతో తుడిచేది.

ప్రసూన లెక్కలో ఆ అలవాటు లేదు. అది ఎప్పుడూ మిషను దగ్గరికి రాలేదు. నా లెక్కలో ఉండాల్సింది. ఇరవై రెండేళ్ళు నా కళ్ళముందే జరిగింది.

ముందు తెలిసింది ఉత్తరాల దగ్గర. రాజ్యం ఖాళీ ట్రే తెచ్చి నా బల్లమీద పెట్టింది.

“ఈ నెల ఒక్కటీ లేదండీ. మరి జవాబుల పేజీ ఏం చెయ్యమంటారు? నేనే రాసుకుని నేనే జవాబు చెప్పుకోనా?”

“అమ్మకాలు నాలుగింతలైతే ఉత్తరాలెందుకు లేవు?”

“ఏం రాస్తారండీ? మొన్న మా పక్కింటి పిల్లాణ్ణి అడిగా, ఈసారి గరిమ ఏం చేసిందిరా అని. ‘బాగుంది పెద్దమ్మా’ అన్నాడు. ఏం బాగుందిరా అంటే బుర్ర గోక్కున్నాడు. హనుమాన్ జంక్షన్ యేసుపాదం కూడా రాయడం మానేశాడు, చూశారా? పందొమ్మిదేళ్ళలో ఒక్క నెల తప్పలేదు ఆ మనిషి.”

ఆమె వెళ్ళాక చందాదారుల పుస్తకం తీశాను. ఎనిమిది నెలలుగా కొత్త చిరునామా ఒక్కటీ లేదు. పదహారు వేలూ ఇదివరకటివాళ్ళే. మానేసినవాళ్ళు తిరిగొచ్చారు, ఉన్నవాళ్ళు మానలేదు, అంతే. కొత్తవాడు రావాలంటే పాతవాడు వాడి భుజం మీద చెయ్యేసి, ‘ఒరే, ఈసారి ఏం జరిగిందో తెలుసా’ అనాలి. ఆ మాట చెప్పగలిగినవాణ్ణి నేను లేకుండా చేశాను. మూసిన గదిలో అద్దాలు పెట్టుకుని జనం పెరిగారనుకున్నాను.

అది వ్యాపార నష్టం, సరిదిద్దుకోవచ్చు అనుకుంటుండగా ఏకాంబరం వచ్చాడు. చేతిలో మరుసటి నెల స్క్రిప్టు.

“గుప్తగారూ, ఒక సందేహమండీ. ఈ అమ్మాయి ఇంత శక్తి పెట్టుకుని లారీ కాటా దగ్గర ఎందుకండీ పని చేయడం? ఏ బ్యాంకులోనో పెడితే పోలా?”

వెటకారం అనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు.

“మీరు పెట్టిందే కదయ్యా అది.”

“నేనా?” అన్నాడు. “దేనికి పెట్టుంటానంటారు?”

మర్నాడు రాజ్యం పనికి రాగానే తలుపు దగ్గరికి వేసి కూర్చుంది. ఆ మనిషి కళ్ళు తడి చేసుకోవడం నేను ఎప్పుడూ చూడలేదు, అప్పుడూ చేసుకోలేదు.

“మీకు ఓ సంగతి చెప్పాలండీ. మా నాన్నకి గన్నవరం రోడ్డులో కాటా ఉండేది, తెలుసుగా. నేను తూకాలు రాసేదాన్ని. ఓరోజు ఒక లారీ ఓనరు, మీ కాటా దొంగ కాటా, డబ్బులివ్వనన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ‘నా బరువు యాభై కిలోలు. లారీ మీద నేనూ ఎక్కుతా. ముల్లు యాభై పెరక్కపోతే నువ్వు పైసా ఇవ్వొద్దు’ అని ఎక్కి నిలబడ్డా. యాభై పెరిగింది. మూసుకుని డబ్బులిచ్చి పోయాడు. ఆ రోజే ఈయన మా కాటాకి బోర్డు రాయడానికి వచ్చాడు. పది రోజుల తర్వాత ఇంటికొచ్చి మా నాన్నని అడిగాడు. గరిమ అక్కణ్ణుంచే వచ్చింది.”

“అవును, విన్నాను.”

“రాత్రి ఆ మాటే కదిపా. ‘మన పెళ్ళి ఎవరు కుదిర్చార’ని నన్నే అడిగాడండీ. పేర్లు తెలుసు, పిల్లలు తెలుసు, నాకు పడని కూరలు తెలుసు. ఆ రోజు లేదు. నేను చెప్తే విన్నాడు. ‘బాగుంది, కథ రాయొచ్చు’ అన్నాడు.”

ఆవిడ ఉత్తరాల ట్రే ముందుకు లాక్కుంది.

“చెప్పింది నా వైపు సంగతండీ. ఆయన ఎక్కడుండి చూశాడో, ఏం చూసి ఇంటిదాకా వచ్చాడో, అది ఆయన దగ్గర మాత్రమే ఉంది. అడగాలని ఇన్నేళ్ళూ అనుకోలేదు. ఎక్కడికి పోతుందిలే అనుకున్నా.”

ప్రసూన షెడ్డుకు వెళ్ళి సంగతి చెప్పాను. అది పెన్ను తీసుకుని అడగడం మొదలుపెట్టింది. మొదటి కాపీ ఎంత తడిగా ఉంటుంది? ఎంతసేపు చదువుతాడు? చెప్పాను. కళ్ళకద్దుకోవడం దగ్గర పెన్ను ఆగింది.

“కళ్ళకా? ఎలా?”

బల్లమీది కాగితం తీసి ఏకాంబరం చేసినట్టు చేసి చూపించాను. నేను చేతులు దించేసరికి అది పెన్ను మూత పెట్టేసింది.

“పాఠకుడికి ఇచ్చిన దానికి నలభై రెట్లు, నాన్నా. పదమూడు నెలలు. ఆయన గరిమను చదివినప్పుడల్లా ఆ రోజు గుర్తొచ్చి ఉంటుంది. గుర్తొచ్చినప్పుడల్లా కొంత పోయింది.”

“తిరిగొచ్చే దారి?”

“ఒలికింది ఒలికిందే.” తర్వాత అంది, “ఎవరికి ఏం గుర్తొస్తుందని అడిగావు. నేను కూడా దానికి జవాబు చెప్పకుండా లెక్క వేసిచ్చాను. సగం నాది.”

సిరా ఆపేశాను. ధర్మం కోసం ఆపానని చెప్పుకోను. కొత్త చిరునామా ఒక్కటీ లేని చందా పుస్తకం ఒక చేతిలో, ఏకాంబరం ఒక చేతిలో ఉన్నారు. ఏది ఎక్కువ తూగిందో నాకే తెలియదు. గోడౌన్లో ఉన్న కాపీలన్నీ మిల్లుకు పంపించి, కొత్త సంచిక అట్టమీద ఎర్రక్షరాలతో సంగతంతా అచ్చువేసి, పాత కాపీలు చదవకుండా తిరిగిచ్చేయమన్నాను. పదహారు వేలు మూడు వేలయింది. తిట్టిన ఉత్తరాలు వచ్చాయి. రాజ్యం వాటిని లెక్కపెట్టి, “కనీసం ఉత్తరాలు వచ్చాయి” అంది.

ఇంక నేను చెయ్యగలిగింది ఒకటే మిగిలింది. మొట్టమొదటి గరిమ, ఇరవై రెండేళ్ళ నాటి ఒకటో నంబరు. ఏకాంబరం ఆ రోజును చూసిన కళ్ళతో అందులో బొమ్మలు వేశాడు. ఆయన వైపు సంగతి ఎక్కడన్నా ఉంటే అక్కడే ఉండాలి. నెగెటివ్‌లు నేను అమ్మేశాను. కాపీలు నేనే సగం ధర ఆశ చూపించి పోగుచేసి మిల్లుకు పంపాను. ఇవ్వకుండా ఉంచుకున్నవాడు ఎవడన్నా ఉన్నాడా అని పథకం చీటీలన్నీ వెతికితే, పాత పాఠకుల్లో ఒక్క కాపీ కూడా మార్చుకోనివాడు ఒక్కడే తేలాడు. హనుమాన్ జంక్షన్ యేసుపాదం.

ఆయనది రోడ్డు పక్కన పంక్చరు షాపు. నేను వెళ్ళేసరికి ట్యూబు నీళ్ళల్లో ముంచి బుడగలు చూస్తున్నాడు. పేరు చెప్పగానే చేతులు తుడుచుకుని బల్ల వేశాడు. గరిమ ముఖచిత్రాలు షాపు గోడ నిండా ఉన్నాయి.

“ఉన్నాయండీ. ట్రంకుపెట్టెలో. ఒకటో నంబరు నుంచి.” తెచ్చి నా ముందు పెట్టాడు. ఒకటో నంబరు అట్టమీద వంకర అక్షరాలతో ‘దానియేలు’ అని పేరు రాసి ఉంది.

“ఇవెందుకు మార్చుకోలేదు? అందరూ మార్చుకున్నారుగా.”

“అదే నాకూ తెలవట్లేదండీ. దానియేలు మా అన్న. పోయి పదేళ్ళయింది. నా పుస్తకాల మీద ఆయన పేరెందుకుందీ, నేనెందుకు దాస్తన్నానూ, ఎంత ఆలోచించినా తట్టదు. ఇవ్వబుద్ధి మాత్రం కాలేదు.” నా ముఖం వంక చూశాడు. “మీరేసిన ఎర్రక్షరాలు చదివానండీ. నాదీ పోయిందా ఏంటి?”

“పోయే ఉంటుంది” అన్నాను. అబద్ధం చెప్పే అలవాటు వ్యాపారంలో ఉంది, ఆ బల్లమీద కుదరలేదు.

“ఏం పోయిందో కూడా తెలవదు గదండీ. తెలిస్తే ఏడుద్దును.”

ఎంతిస్తే ఇస్తావని అడగబోయి ఆగాను. ఆయన దగ్గర నేను కొనదగ్గ స్థితిలో లేను. మర్నాడు వస్తానని చెప్పి విజయవాడ వచ్చాను. రాజ్యం ఉత్తరాలను ఏ సంవత్సరానికా సంవత్సరం బైండు చేసి ఉంచేది. చెదలు పడతాయి, పారెయ్యమని నేను చాలాసార్లు పోరాను. ఆవిడ వినలేదు. పందొమ్మిదేళ్ళ కిందటి బైండులో యేసుపాదం మొదటి ఉత్తరం పావుగంటలో దొరికింది.

దాన్ని పట్టుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను. ఆయన పైకి చదివాడు, కూడబలుక్కుంటూ.

‘గరిమ అక్కకి నమస్కారం. నేను బడికి పోలేదు. మా అన్న దానియేలు టైర్ల మీద కూచోబెట్టి నీ పుస్తకం మీద వేలు పెట్టి అక్షరాలు నేర్పించాడు. మూడేళ్ళు పట్టింది. ఇది నేను సొంతంగా రాసిన మొదటి ఉత్తరం. తప్పులుంటే తిట్టొద్దు.’

చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ తీసి ఇంకోసారి చదివాడు.

“గుర్తు రాలేదండీ” అన్నాడు. “కానీ రాత నాదే. తప్పులూ నావే.” ట్రంకుపెట్టె లోంచి ఒకటో నంబరు తీసి ఇచ్చాడు. “చూసుకుని తెచ్చియ్యండి.”

పాతది తెచ్చి పాతది పట్టుకెళ్ళాను. నా జన్మలో చేసిన మార్పిడి వ్యాపారాల్లో అదొక్కటే ఇద్దరికీ గిట్టింది.

సింగ్‌నగర్ ఇంట్లో మధ్యాహ్నం భోజనాలయ్యాక పుస్తకం బల్లమీద పెట్టాను. ప్రసూన కూడా వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడింది, రాజ్యం రెక్క పట్టుకుని లోపలికి లాగి కూర్చోబెట్టింది. ఏకాంబరం కళ్ళజోడు తుడుచుకుని మొదటి పేజీ తిప్పాడు.

పేజీ నిండా ఒకటే బొమ్మ. లారీ కాటా. బస్తాల లోడు మీద నడుముకు చేతులు పెట్టుకుని ఒక నల్లటి, దిట్టమైన పిల్ల. లారీ పక్కన నోరు తెరుచుకున్న ఓనరు. అంతా పై నుంచి చూసినట్టు ఉంది. అమ్మాయి ముఖం సగమే కనిపిస్తుంది, వంకర పాపిట మాత్రం పూర్తిగా కనిపిస్తుంది. కింద, కాటా పలక బయట, నేలమీద ఒక జత చెప్పులు, ఒకదాని పక్కన ఒకటి పొందిగ్గా పెట్టి ఉన్నాయి.

ఏకాంబరం చాలాసేపు చూశాడు. ఆర్టిస్టు చూసే చూపు అది, వేలు గాలిలో గీతల వెంట తిరుగుతోంది.

“ఎవరు వేశారోగానీ నిచ్చెన మీద నుంచి చూశారండీ దీన్ని” అన్నాడు. “ఈ కోణం ఊహించి వెయ్యలేరు. ఇక్కడ బోర్డు రాస్తున్నాడు వాడు. పని ఆపి చూశాడు. చెప్పులు చూశారా? వాటి బరువు తనదాంట్లో కలవకూడదని విడిచి ఎక్కింది. అది చూసి పడిపోయుంటాడు.”

రాజ్యం పుస్తకం తన వైపు తిప్పుకుంది.

“చెప్పులు విడిచానా నేను?” అంది. “నాకే గుర్తులేదు.” వేలితో చెప్పుల మీద ఒకసారి రాసింది. “నిచ్చెన మీద ఉన్నాడన్నమాట. నేను ఇన్నేళ్ళూ, రంగుల డబ్బులు తీసుకునేటప్పుడు నన్ను చూశాడనుకున్నా.”

ఏకాంబరం ఆవిడ వంక చూశాడు, తర్వాత బొమ్మ వంక, మళ్ళీ ఆవిడ వంక.

“పాపిట ఇప్పటికీ వంకరేనే” అన్నాడు.

“దువ్వెన మీరెప్పుడన్నా పట్టుకున్నారా, తిన్నగా రావడానికి?”

ప్రసూన ముఖం పక్కకు తిప్పుకుంది.

ఇప్పటికి మూడేళ్ళయింది. గరిమ మళ్ళీ దిట్టంగా, నల్లగా ఉంటుంది. ఏకాంబరమే వేస్తున్నాడు, బొమ్మలు ఎప్పటిలాగే బాగుంటాయి, అయితే పై నుంచి చూసే కోణం మళ్ళీ ఒక్కసారి కూడా వెయ్యలేదు. ‘ఇంతవరకు జరిగిన కథ’ తీసేశాం. దాని చోట ప్రతి నెలా పాత బైండ్లలోంచి ఒక ఉత్తరం వేస్తున్నాం, రాసినవాళ్ళ ఊరు పేరుతో. ఎవరికి ఏం పోయిందో వాళ్ళకు చేరడానికి అదొక్కటే దారి అని రాజ్యం అంది. కొత్తవాళ్ళు ముందు ఆ ఉత్తరం చదివి, ఇంతలా రాయడానికి ఇందులో ఏముందోనని పేజీ తిప్పుతున్నారు. యేసుపాదం తన షాపుకొచ్చిన డ్రైవర్లలో పదకొండు మందిని చందాదారుల్ని చేశాడు. సిరా సంగతి ప్రసూన ఒక ఆసుపత్రి వాళ్ళతో మాట్లాడుతోంది. ఏం పోతుందో ముందే చెప్పి, తెలిసి అడిగినవాళ్ళకే ఇవ్వాలని షరతు పెట్టింది. ఇంకా ఎవరూ అడగలేదట.

మొదటి కాపీని ఇప్పుడు ముందు నేను కళ్ళకద్దుకుంటాను. అలాగే ఒత్తిపెట్టుకుని, గట్టిగా ఊపిరి పీల్చి, స్టూలు మీద కూర్చుని మొత్తం చదువుతాను. మర్నాడు పొద్దున మిషను దగ్గర ఏకాంబరం అడుగుతాడు, “ఏం జరిగిందండీ గుప్తగారూ కథలో?” చెప్తాను. చెప్పగలిగితేనే ఆయన కాపీ అందుకుంటాడు, మిషను స్పీడు పెంచుతారు.

చివరి లెక్క ఇది. అమ్ముడయ్యేవి ఆరు వేల నూరు, అందులో కొత్త చిరునామాలు పద్ధెనిమిది వందలు. నెలకు ఉత్తరాలు రెండు వందల పైన. పోయినవాటిలో ఏకాంబరానికి ఒక రోజు, యేసుపాదానికి మూడేళ్ళు, మిగతావాళ్ళకు ఎంతో నాకు ఎప్పటికీ తెలియదు, ఆ గడి ఖాళీగానే ఉంచాను. వచ్చినవాటిలో రాజ్యానికి ఒక జత చెప్పులు. నాకు ముప్పై ఆరు సంచికల గరిమ. అడిగితే ఏది ఎక్కడో వరసగా చెప్తాను.